పాఠం మొదలుకాక ముందు



ఈ నెల శీర్షికకు ఒక ఉత్తరం ఆధారం. రాయలసీమలోని ఒక పట్టణం నుండి ఒక సోదరి వ్రాశారు. తెల్లవారగానే మక్తబ్‌లో చిన్నపిల్లలకు ఖాయిదా, ఆ వెంటనే బాలికల మదరసాలో హిఫ్జ్ తరగతి, అస్ర్ తరువాత ఇంటివద్ద మరికొందరికి నాజిరా. ఇంట్లో అత్తమామలు, భర్త, ఇద్దరు పిల్లలు. ఉదయం పది గంటలయ్యేసరికి గొంతు బొంగురుపోతున్నదనీ, గొంతుతోపాటు ఓర్పు కూడా పోతున్నదనీ ఆమె వ్రాశారు. గత నెలలో సబఖ్ తప్పిన ఒక తొమ్మిదేళ్ళ పిల్లను తరగతి అందరి ముందు కొట్టారట. అప్పటినుండి ఆ పిల్ల ముఖం కళ్ళముందు నుండి పోవడం లేదట. కోపం తగ్గడానికి ఏదైనా వజీఫా చెప్పమని ఆమె కోరిక.

కోపం వచ్చిన క్షణంలో ఏమి చేయాలో దైవప్రవక్త (స) మనకు నేర్పారు. షైతాను నుండి అల్లాహ్ శరణు వేడుకోవాలి, నిలబడి ఉంటే కూర్చోవాలి, అప్పటికీ తగ్గకపోతే పడుకోవాలి. మదరసాలో చదువుకున్న సోదరికి ఇవి తెలియనివి కావు. కాని ఇవి నిప్పు అంటుకున్న తరువాత ఆర్పే ఉపాయాలు. పొయ్యిలోకి కట్టెలు ఎక్కడినుండి వస్తున్నాయన్నది వేరే ప్రశ్న. ఆమె దినచర్యను వరుసగా చదివినప్పుడు నాకు కనిపించిందేమంటే, పది గంటల కోపం పది గంటలకు పుట్టినది కాదు. అంతకుముందు ఐదారు గంటలలో, ఆ మాటకొస్తే ముందురోజు రాత్రిలో పుట్టినది.

న్యాయమూర్తి కోపంగా ఉన్న స్థితిలో ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. మన ఫుఖహా ఈ ఆదేశాన్ని కోపం వరకే పరిమితం చేయలేదు. ఆకలి, దప్పిక, నిద్రమత్తు, మలమూత్రాల ఒత్తిడి, మనోవ్యాకులత వంటి, బుద్ధిని నిలకడగా ఉండనివ్వని స్థితులన్నింటినీ ఈ కోవలోనే చేర్చారు. ఖాజీ గురించి ఈ అధ్యాయాన్ని బోధించే ఉస్తాదులు దానిని తమకు అన్వయించుకోవడం అరుదు. ఉస్తాద్ ఒక ఉదయంలో ఎన్ని తీర్పులు చెబుతాడో లెక్కించి చూడండి. ఎవరి సబఖ్ పక్కాగా ఉంది, ఎవరిది కచ్చాగా ఉంది, ఎవరు నిజంగా జ్వరంతో రాలేదు, ఎవరు సాకు చెబుతున్నారు, రెహల్ విరగ్గొట్టినది ఎవరు. ఆకలితో, నిద్రలేమితో, రెండు గంటలుగా మూత్రాన్ని ఆపుకొని కూర్చున్న మనిషి చేతిలో ఈ తీర్పులన్నీ ఉన్నాయి. చేతిలో బెత్తం కూడా ఉంటే ఏమవుతుందో సోదరి ఉత్తరమే చెబుతున్నది.

ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో దీనికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు. కాఠిన్యంతో పెరిగిన పిల్లవాడిలో ఉత్సాహం చచ్చిపోతుందనీ, దెబ్బలకు భయపడి అబద్ధాన్నీ కపటాన్నీ నేర్చుకుంటాడనీ, అవే అతని స్వభావంగా స్థిరపడతాయనీ ఆయన వివరించారు. ఇది 14వ శతాబ్దపు మాట. మన దేశంలో పాఠశాలల్లో శారీరక దండనను నిషేధిస్తూ విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో.

కనుక ఉస్తాద్ తన శరీరాన్ని చూసుకోవడం పిల్లల హక్కులలో భాగం. అది విలాసమనీ, దీన్ సేవలో అలసిపోవడమే గొప్పతనమనీ భావించే ధోరణి మనలో ఉన్నది. ఆ ధోరణిని నేను అంగీకరించలేను. హజ్రత్ అబూదర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడుపుతుంటే, ఆయన సోదరునిగా చేయబడిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) అడ్డుపడి భోజనం చేయించారు, రాత్రి తొలి భాగంలో పడుకోబెట్టారు. ప్రభువుకూ, దేహానికీ, ఇంటివారికీ ఎవరి హక్కు వారికి ఉన్నదని బోధించారు. విషయం దైవప్రవక్త (స) వద్దకు వెళితే, సల్మాన్ చెప్పినది నిజమేనన్నారు. నఫిల్ నమాజు విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, జీతం తీసుకొని చెప్పే పాఠానికి మినహాయింపు ఎక్కడిది?

ఇక అసలు సంగతికి వద్దాం. ఉదయం ముందురోజు ఇషాతో మొదలవుతుంది. ఇషాకు ముందు నిద్రించడాన్నీ, ఇషా తరువాత ముచ్చట్లనూ దైవప్రవక్త (స) ఇష్టపడేవారు కారని హజ్రత్ అబూ బర్జా (రజి) ఉల్లేఖించారు. జూన్ నెలలో మన ప్రాంతంలో ఫజ్ర్ వేళ నాలుగున్నర లోపే ప్రవేశిస్తుంది. రాత్రి పదకొండింటికి పడుకున్న ఉస్తాద్‌కు దక్కేది ఐదున్నర గంటల నిద్ర. వయోజనులకు కనీసం ఏడు గంటలు కావాలని వైద్యులంటారు. రోజుకు గంటన్నర అప్పు. ఆరు పనిదినాలలో అది తొమ్మిది గంటలు, అనగా ఒక పూర్తి రాత్రి నిద్ర కంటే ఎక్కువ. ఈ అప్పును శుక్రవారం తీర్చుకుందామనుకుంటే ఆ రోజు జుమా ఏర్పాట్లు, బంధువుల రాకపోకలు. వాట్సాప్‌లో మదరసా గ్రూపు అర్ధరాత్రి వరకు మోగుతూనే ఉంటుంది. అందులో అత్యవసరమైన సందేశాలు ఎన్ని ఉంటాయో చదివేవారికే తెలుసు. ఇషా తరువాత ఆ ఫోనును వేరే గదిలో పెట్టగలిగిన వారు సగం వ్యాధిని నయం చేసుకున్నట్లే.

మిగిలిన సగానికి ఖైలూలా ఉన్నది. జుమా తరువాతనే తాము భోజనమూ, మధ్యాహ్న విశ్రాంతీ తీసుకునేవారమని హజ్రత్ సహ్ల్ (రజి) చెప్పారు. సహాబీలకు ఇది నిత్యకృత్యం. ఇరవై నిమిషాలు కన్ను మూస్తే చాలు. రెండు గంటలు పడుకుంటే మళ్ళీ రాత్రి నిద్ర చెడుతుంది. ఫజ్ర్ తరువాత పడుకోవడం మంచిది కాదని మన పెద్దలు అంటారు. ఉదయపు వేళలో శుభం కోసం దైవప్రవక్త (స) చేసిన దుఆ దృష్ట్యా ఆ మాట సరైనదే. కాని అది నిషిద్ధం కాదు. రాత్రంతా పసిబిడ్డతో మేలుకొని ఉన్న తల్లిని ఈ మాట చెప్పి నిద్రలేపకండి.

నిద్రించే మనిషి తలవెనుక షైతాను మూడు ముడులు వేస్తాడన్న హదీసు మనందరికీ తెలిసినదే. లేచి అల్లాహ్‌ను స్మరిస్తే ఒకటి, ఉజూ చేస్తే రెండవది, నమాజు చేస్తే మూడవది విడిపోతాయి. ఆ మనిషి చురుకుగా, ప్రసన్నమైన మనసుతో తెల్లవారుతాడు. లేనివాడు చిరాకుతో, బద్ధకంతో తెల్లవారుతాడు. ఈ హదీసులో నన్ను ఆకర్షించేది దాని క్రమం. మొదట నాలుక, తరువాత నీరు తగిలిన అవయవాలు, ఆ తరువాత నిలబడిన దేహం. ఫజ్ర్ జమాఅత్‌కు రెండు నిమిషాల ముందు ఉలిక్కిపడి లేచి పరుగెత్తేవానికి మూడు ముడులూ విడిపోవచ్చు గాని, ఆ పరుగు రోజంతా వెంటాడుతుంది. పావుగంట ముందు లేచినవానికి మిస్వాక్‌కు సమయం దొరుకుతుంది. దైవప్రవక్త (స) ఇంట్లోకి రాగానే మొట్టమొదట చేసేది మిస్వాక్ అని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. పిల్లలు మోకాలికి మోకాలు ఆనించి కూర్చొని సబఖ్ వినిపిస్తారు కదా, ఉస్తాద్ నోటి పరిశుభ్రత ముందుగా వారికే తెలుస్తుంది! ఇమాం మాలిక్ (రహ్మ) హదీసు బోధనకు కూర్చునే ముందు ఉజూ చేసి, గడ్డం దువ్వుకొని, మంచి వస్త్రాలు ధరించి, సుగంధం పూసుకునేవారు. హదీసు పట్ల గౌరవంతో ఆయన అలా చేసేవారు. అది ఎదుట కూర్చున్నవారికీ దక్కిన గౌరవమే.

ఫజ్ర్ తరువాత సూర్యోదయం వరకు దైవప్రవక్త (స) నమాజు చేసిన చోటనే కూర్చొని ఉండేవారని హజ్రత్ జాబిర్ బిన్ సముర (రజి) ఉల్లేఖనం. దీనిని మనం తరచుగా వింటాం. దాని చివరి భాగాన్ని తక్కువగా వింటాం. అక్కడ సహాబీలు అజ్ఞానకాలపు సంగతులు చెప్పుకొని నవ్వుకునేవారు, దైవప్రవక్త (స) చిరునవ్వు చిందించేవారు. ఉదయపు మజ్లిస్‌లో నవ్వు కూడా ఉండేదన్నమాట. పిల్లల మధ్య రోజంతా గడిపే ఉస్తాద్‌కు తన వయసువారితో పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఎంత అరుదో ఆ వృత్తిలో ఉన్నవారికే తెలుస్తుంది. మస్జిద్ నుండి ఇంటికి వెళ్ళేటప్పుడు తోటి ఉస్తాద్‌తో కలిసి కాస్త చుట్టుదారిలో నడవండి. వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామం ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన కనీస పరిమాణం. రోజుకు పాతిక నిమిషాలు నడిస్తే ఆరు రోజుల్లో అది పూర్తవుతుంది. తిపాయి ముందు మఠం వేసుకొని నాలుగు గంటలు కూర్చునే మోకాళ్ళకు ఇది అవసరం. మనిషిలోని ప్రతి కీలుకూ ప్రతి ఉదయం ఒక సదఖా చెల్లించవలసి ఉన్నదనీ, చాష్త్ రెండు రకాతులు దానికి సరిపోతాయనీ హదీసులో ఉన్నది. కీళ్ళ లెక్కను సైతం 360గా మరొక హదీసు తెలుపుతున్నది. యాభై దాటిన నా మోకాళ్ళకు ఆ రెండు రకాతుల విలువ తరగతి మధ్యలో బాగా తెలుస్తుంటుంది.

గొంతు గురించి కొంత వివరంగా వ్రాయాలి. ఉస్తాద్‌కు ఉన్న ఏకైక పనిముట్టు అదే. అయినా వడ్రంగి తన ఉలిని చూసుకున్నంతగా మనం గొంతును చూసుకోము.

స్వరపేటికలోని రెండు పొరలు ఒకదానినొకటి తాకుతూ కంపిస్తేనే స్వరం పుడుతుంది. మాట్లాడేటప్పుడు పురుషుని గొంతులో అవి సెకనుకు వందకు పైగా, స్త్రీ గొంతులో సుమారు రెండువందల సార్లు కంపిస్తాయి. అనగా స్త్రీ ఎడతెగక పలికే ఒక్క నిమిషంలో పన్నెండు వేల తాకిడులు. గొంతు పెంచినకొద్దీ ఆ తాకిడి బలం కూడా పెరుగుతుంది. ఉపాధ్యాయ వృత్తిలో, అందునా స్త్రీలలో, గొంతు వ్యాధులు ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. ఆ పొరలు తడిగా ఉంటేనే రాపిడి తగ్గుతుంది. ఆ తడి అప్పటికప్పుడు మింగిన గుక్కతో రాదు. శరీరంలో నీరు చాలినంత ఉన్నప్పుడే వస్తుంది. కాబట్టి లేచిన తరువాత ఒక గ్లాసు గోరువెచ్చని నీరు, తరగతిలో పక్కనే ఒక సీసా, మధ్యమధ్య గుక్కెడు గుక్కెడుగా.

ఇక్కడ సోదరీమణులు బయటకు చెప్పని ఇబ్బంది ఒకటి ఉన్నది. చాలా చోట్ల ముఅల్లిమాలకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉండదు, లేదా పిల్లలను వదిలి వెళ్ళే వీలుండదు. అందుచేత వారు ఉదయం నుండి నీళ్ళు తాగడమే మానుకుంటారు. ఆ దాహం గొంతును ఎండగడుతుంది, మూత్రనాళ వ్యాధులకు దారితీస్తుంది. ఇది ముఅల్లిమా దినచర్యతో సరిదిద్దుకోగలిగినది కాదు. మదరసా కమిటీ సరిదిద్దవలసినది. మినార్‌కు రంగులు వేయించే ముందు ఒక తలుపు, ఒక గడియ, ఒక నీటి కుళాయి ఏర్పాటు చేయించండి.

పాటగాళ్ళు పాడే ముందు గొంతును మెల్లగా సిద్ధం చేసుకుంటారు. మనం మాత్రం నిద్రలేచిన గంటకే పాతికమంది పిల్లల గోలపైన గొంతెత్తుతాం. గొంతుకు చికిత్స చేసేవారు పెదవులు మూసి మెల్లగా 'మ్' అని పలికించే అభ్యాసం చేయిస్తారు. మనకు అది కొత్తది కాదు. తజ్వీద్‌లో మీమ్, నూన్‌లపై చేసే గున్నా దాదాపు అదే. ఇంటినుండి తరగతికి నడిచేటప్పుడు రెండు మూడు నిమిషాలు మంద్ర స్థాయిలో గున్నాను సాగదీస్తూ వెళ్ళండి. మొదటి పాఠంగా ఎలుగెత్తి చెప్పవలసినది కాకుండా, విద్యార్థులు వినిపించేది పెట్టుకోండి. మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు పొరలను రాపిడి పెడుతుంది. దానికి బదులు ఒక గుక్క నీరు తాగండి. బొంగురుపోయినప్పుడు గుసగుసలాడితే విశ్రాంతి అనుకుంటారు. అది కూడా శ్రమే, మౌనమే విశ్రాంతి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించుకోవాలి. తేనె, మిరియాలతో కాలయాపన చేయరాదు.

అసలు పిల్లల గోలను గొంతుతో జయించాలనుకోవడమే పొరపాటు లెక్క. సూరహ్ లుఖ్మాన్‌లో తండ్రి కుమారునికి చేసిన ఉపదేశాలలో స్వరాన్ని తగ్గించుకోవడమూ ఒకటి. తిపాయిపై రెండుసార్లు తట్టడం, చెయ్యి పైకెత్తి ఆగడం వంటి గుర్తును పిల్లలకు అలవాటు చేస్తే వారంలో నేర్చుకుంటారు. అందరూ ఒకేసారి బిగ్గరగా చదివితేనే హిఫ్జ్ పక్కా అవుతుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉన్నది. సగం గొంతుతో చదివిన పిల్లలు కూడా హాఫిజులు కావడం నేను చూస్తూనే ఉన్నాను.

గొంతు అనగానే ఇమాం గజాలీ (రహ్మ) గుర్తుకు రాక మానరు. 1091లో బగ్దాద్ నిజామియాలో ఆచార్య పదవి చేపట్టిన ఆయనకు మూడువందల మంది విద్యార్థులు ఉండేవారు. 1095లో ఒక దశ వచ్చింది. ఆయన నాలుక పాఠం చెప్పడానికి లేవలేదు. విద్యార్థుల మనసు నొప్పించలేక ఒక్క రోజైనా చెబుదామని ప్రయత్నించినా మాట పెగలలేదు. ఆహారం జీర్ణం కాలేదు. వైద్యులు పరీక్షించి, ఇది మనసులో పుట్టి దేహానికి పాకినదనీ, మనోవ్యథ తొలగితే తప్ప మందు పనిచేయదనీ చేతులెత్తేశారు. 'అల్ మున్‌ఖిజ్ మినద్దలాల్'లో ఈ సంగతులన్నీ ఆయనే వ్రాసుకున్నారు. ఆయన వ్యథకు మూలం కీర్తికాంక్షకూ పరలోక చింతకూ మధ్య జరిగిన పెనుగులాట. మన రోజువారీ అలసటతో దానిని సమానం చేయడం తగదు. అయినా, బోధకుని దేహం మొరాయించడం ఈమాన్ లోపమని ఎవరైనా అంటే, హుజ్జతుల్ ఇస్లాం అనిపించుకున్న వ్యక్తికి అది జరిగిందని చెప్పండి. ఆయన పదవిని వదిలి బగ్దాద్ నుండి వెళ్ళిపోయారు. 1106లో నైషాపూర్‌లో తిరిగి బోధన ప్రారంభించారు. మధ్యలో సుమారు పదకొండేళ్ళు గడిచాయి.

ఆహారం గురించి క్లుప్తంగా. ఖాళీ కడుపుతో రెండు కప్పుల చాయ్, పదింటికి మరొకటి, జుహర్ తరువాత భోజనం. ఎందరో ఉస్తాదుల ఉదయం ఇంతే. 'నహార్' అంటే పగలు. ఆ మాట మీదనే నిహారీకి ఆ పేరు వచ్చింది. ఉదయమే కడుపునిండా తినే అలవాటు మన సంప్రదాయంలోనే ఉన్నది. రోజూ నిహారీ తినమని నేననడం లేదు. ఒక గుడ్డు, రెండు ఇడ్లీలు, లేదా ఖిచిడీ, లేదా రాగి జావ, నాలుగు ఖర్జూరాలు, వీటిలో ఇంట్లో ఉన్నదేదైనా సరే. చాయ్‌ని మాత్రం ఆహారానికి ఒక గంట దూరంగా జరపండి. ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టకుండా చాయ్ అడ్డుకుంటుంది. మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తహీనత ఉన్న మనిషికి చిరాకు, ఆయాసం, తలతిప్పడం సహజం. మన సోదరి ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిది. కోపమని ఆమె అనుకుంటున్నది కొంతవరకు రక్తహీనత కావచ్చు.

అయితే ఆమె ఉత్తరంలో తెల్లవారుజామున నాలుగున్నర నుండి ఏడు వరకు ఉన్న పనుల జాబితా చదివాక, నడవండి, తీరికగా తినండి అని చెప్పడానికి నాకే సంకోచం కలిగింది. అందరికీ టిఫిను, పిల్లల డబ్బాలు, మామగారి మందులు, అంట్లు. ఆమె భర్తగారు ఈ పత్రిక చదువుతారని ఆశిస్తూ ఈ మాట వారికి వ్రాస్తున్నాను. దైవప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అడిగితే, ఇంటివారి సేవలో ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) సమాధానమిచ్చారు. జనాబ్, ఫజ్ర్ నుండి తిరిగి వచ్చాక పిల్లలను తయారుచేసే పని మీరు తీసుకోండి. ఆమెకు అరగంట మిగులుతుంది. ఆ అరగంటలో ఆమె కూర్చొని తింటుంది.

కమిటీ పెద్దలకు కూడా ఒక మాట. ఒకే మనిషిచేత అజాన్, ఇమామత్, మక్తబ్, హిఫ్జ్, చందాల వసూలు అన్నీ చేయించి, ఆయన ఖుత్బాలో జీవం లేదని ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్‌ఊద్ (రజి) వారంలో ఒక్క గురువారమే ఉపదేశించేవారు. రోజూ చెప్పమని కోరితే, మీకు విసుగు కలుగుతుందని వెనుకాడుతున్నానన్నారు. దైవప్రవక్త (స) కూడా తమ విషయంలో ఇలాగే విరామం పాటించేవారని గుర్తుచేశారు. వినేవారి విసుగును అంతగా లెక్కించిన సంప్రదాయంలో, చెప్పేవారి అలసటను లెక్కించడానికి వారానికి ఒక పూర్తి సెలవు, తరగతుల మధ్య పావుగంట విరామం పెద్ద కోరికలు కావు.

సోదరి వజీఫా అడిగారు కనుక దానిని విడిచిపెట్టను. ఫజ్ర్ సలాం తరువాత దైవప్రవక్త (స) ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, పరిశుద్ధమైన ఉపాధిని, స్వీకృతి పొందే ఆచరణను అల్లాహ్‌ను అడిగేవారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. బోధించేవారి ఉదయానికి ఇంతకంటే అతికినట్లుండే దుఆ నాకు తెలియదు. అర్థం తలచుకుంటూ ఒకసారి చదివితే చాలు, నూటొక్కసార్లు అవసరం లేదు.

ఇక ఆ పిల్ల విషయం. ఇది మనిషి హక్కుకు సంబంధించినది. తౌబా చేసుకోవలసిందే. అయితే ఆ పిల్లను కూడా క్షమాపణ అడగాలి. ఉస్తాద్ గౌరవం తగ్గుతుందని ఎవరైనా అంటే వినకండి. రాత్రి చాలినంత నిద్రపోయి, ఏదైనా తిని, నీళ్ళు తాగి వెళ్ళండి. తరగతి అందరి ముందు కొట్టారు గనుక అందరి ముందే, తక్కువ గొంతుతో, రెండు వాక్యాలలో చెప్పండి. ఆ తరువాత ఆమె సబఖ్ వినండి.